ఇంట్లో మనిషి నింపవలసిన కాగితం

అక్టోబరు 24, గురువారం

పదో తరగతి పరీక్షల తర్వాత ఉత్తరాలు, పచ్చళ్ళ కొలతలు తప్ప నేను కాగితం మీద ఏమీ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నానంటే, ఈ సంగతి నోటితో అనలేకే. అంటే నిజమైపోతుందేమోనని భయం. మింగుదామంటే మూడు రోజులుగా అన్నం దిగడం లేదు. హైదరాబాదులో ఉన్న ఉషకు ఫోన్‌లో చెప్పలేను. తండ్రి గురించి కూతురితో చెప్పే మాటా ఇది. సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ళు నిరుడు పంచిన డైరీ ఒకటి బీరువాలో పడి ఉంటే తీశాను.

ఆయన గురువారాలు ఫ్యాక్టరీకి వెళ్ళడం లేదు.

సోమవారం కూరగాయల బజారులో ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా ఉండే పేతురు కనబడ్డాడు. “సారుకు ఒంట్లో ఎట్టా ఉందక్కా? నెల నుంచీ గురువారం గురువారం సెలవు పెడతన్నాడు గదా” అన్నాడు. నేను నవ్వి, “బాగానే ఉందయ్యా, పెద్దతనం” అన్నాను. కొన్న వంకాయలు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాను.

ఇవాళ ఎప్పటిలాగే ఏడున్నరకు క్యారేజీ పట్టుకున్నారు. వెళ్ళొస్తా అన్నారు. సాయంత్రం ఆరున్నరకు వచ్చారు. చెప్పులు వరసగా పెట్టారు. నేనేమీ అడగలేదు. బయల్దేరే మనిషిని ఎక్కడికి అని అడగకూడదు. మా అమ్మ మా నాన్నను అడగలేదు. నేనూ ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో అడగలేదు.

అక్టోబరు 26, శనివారం

నాకు అనుమానమేమీ లేదు. ఊరికే గమనిస్తున్నాను.

అక్టోబరు 29, మంగళవారం

దాచేపల్లిలో ఆయన్ను కాటా వెంకటప్పయ్య అంటారు. లారీ ఖాళీగా వచ్చినప్పుడు ఒకసారి, లోడుతో పోయేటప్పుడు ఒకసారి తూకం వేసే కాటా గదిలో ఇరవై నాలుగేళ్ళు కూర్చున్నారు. గది చిన్నది, ఒక్క కుర్చీ. డ్రైవర్లు కిటికీలోంచి చీటీ ఇచ్చి పోతారు. ఎవరితోనూ మాట్లాడే పని లేదు. ఆయనకు కావలసింది అదే. చీటీ మీద పది కిలోలు తేడా వచ్చినా లారీని వెనక్కి పిలిచేవారు. అబద్ధం ఆడటం రాదు. మా చెల్లెలి గృహప్రవేశంలో గడప ముప్పావు అంగుళం వాలిందని అందరి ముందూ టేపు పెట్టి చూపించారు. మా మరిది ఇప్పటికీ మాట్లాడడు.

ఆగస్టులో ఆ గది తీసేశారు. కెమెరాలు, యంత్రాలు వచ్చాయి, మనిషి అక్కర్లేదట. ఈయన్ను డిస్పాచ్ ఆఫీసులో వేశారు. పదిమంది ఒకే హాల్లో, ఫోన్లు మోగుతూనే ఉంటాయట. అందులో ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారట.

బెల్టుకు మేకుతో కొత్త బెజ్జం కొట్టుకున్నారు. ఇది రెండోది. ఈ వయసులో సన్నబడాలని ఎవరికి అనిపిస్తుంది, ఎందుకు అనిపిస్తుంది.

అక్టోబరు 31, గురువారం

దీపావళి కాబట్టి వెళ్ళలేదు. మధ్యాహ్నం ఆయన ఫోను మోగింది. నేనే పక్కన ఉన్నాను. వందన అని పేరు పడింది. ఆయన తీసి, “ఇవాళ రాలేను. పండగ. వచ్చే గురువారం పదకొండింటికి” అని పెట్టేశారు. నా మొహం చూడలేదు. ఎప్పుడూ చూడరు, అది వేరే సంగతి.

పేరు తెలిసింది. ఇక నా ఊహ అంటానికి లేదు.

ప్రతి ఏడూ టపాకాయల చప్పుడుకు చెవుల్లో దూది పెట్టుకుని లోపలి గదిలో తలుపేసుకునేవారు. ఈసారి అరుగు మీదే కూర్చున్నారు. పక్కనే లక్ష్మీ బాంబు పేలినా కదల్లేదు. మనసు ఎక్కడో ఉంది.

నవంబరు 2, శనివారం

కార్తీకం మొదలైంది. తెల్లవారుజామున స్నానం, దీపం, ఒంటిపూట భోజనం. ఈ నెల కలహం కూడదు, కఠినమాట కూడదు. అందుకని నెల ముగిశాక వచ్చే పోలిపాడ్యమి దాకా ఆయన్ను ఏమీ అడగను. ఆ రోజు నాగులేట్లో దీపాలు వదిలి వచ్చాక తేల్చుకుంటాను. ఈ నెల మాటలు తక్కువ, ఏమీ అనుకోవద్దు అని ఆయనకు చెప్పాను. సరే అన్నారు. అంత తేలిగ్గా సరే అన్నారు.

నవంబరు 7, గురువారం

వెళ్ళారు, వచ్చారు. క్యారేజీలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. అక్కడ ఎవరో వడ్డిస్తున్నారన్నమాట.

నవంబరు 10, ఆదివారం

నిన్నంతా వాన. డాబా మీద ఆయన వానడబ్బా ఉంది. ఇరవై రెండేళ్ళుగా వాన వెలియగానే గొడుగు కూడా లేకుండా ఎక్కి, స్కేలు పెట్టి చూసి, నోటుబుక్కులో రాసుకునేవారు. ఉష పుట్టిన రోజు ఎంత కురిసిందో కూడా చెబుతారు. ఇవాళ సాయంత్రం దాకా డాబా ఎక్కలేదు. “డబ్బా నిండింది” అన్నాను. “నిండనీ” అన్నారు.

గోడ అవతల కరీమున్నీసా బట్టలు ఆరేస్తూ నన్ను పిలిచింది. పాతికేళ్ళ నుంచి పక్కిళ్ళు. దాని కళ్ళు కప్పలేను.

“ఏంది వదినా, మొహం అట్టా పీక్కుపోయింది? ఉపాసాలు చానా చేస్తన్నావా?”

“కార్తీకం గదమ్మా.”

“నీకు కార్తీకం సరే. అన్నయ్యకు గూడా కార్తీకమేనా? మొన్న చొక్కా చూశా, కర్రకు తగిలించినట్టుంది. అన్నం పెడతన్నావా లేదా?”

“పెడుతూనే ఉన్నాను. తినేదే ఎక్కడో తెలీదు” అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. అది బట్టల గంప కింద పెట్టింది.

“అన్నయ్య గురించేనా నువ్వు అంటంది? మా ఆయనైతే నేను నమ్ముతా. ఈయన్నా. ఈయన ఒక ఆడమనిషితో అయిదు నిమిషాలు మాట్టాడాలంటే ఆ మనిషి లారీ అయినా అయ్యుండాల.”

నవ్వాను. లోపలికొచ్చాక నవ్వు నిలవలేదు. దానికి ఫోను సంగతి తెలియదు కదా.

నవంబరు 18, సోమవారం

ఆడవాళ్ళం బస్సులో కోటప్పకొండ వెళ్ళొచ్చాం. ఆయన్ను రమ్మంటే, “జనం” అన్నారు. త్రికోటేశ్వరుడి ముందు నిలబడి అందరి క్షేమం కోరుకున్నాను. తర్వాత, ఆ వందనకు ఎక్కడికైనా దూరంగా బదిలీ అయ్యేలా చూడు స్వామీ అని కూడా కోరుకున్నాను. చెడు కోరలేదు. బదిలీ చెడు కాదు.

నవంబరు 20, బుధవారం

ఇంటినిండా చీటీలు. మోటారు స్విచ్చు దగ్గర మోటారు అని, మెయిన్ దగ్గర మెయిన్ అని, ఫ్యూజు పోతే ఏ తీగ ముట్టుకోకూడదో బొమ్మ గీసి అంటించారు. గ్యాస్ రెగ్యులేటరు నా చేత నాలుగుసార్లు విప్పించి బిగింపించారు. ఇంటి కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి పైన నా పేరు రాశారు.

“ఇవన్నీ ఇప్పుడు నాకెందుకండీ?” అన్నాను.

“తెలిసుండాలి గదా.”

నన్ను ఒంటరి సంసారానికి తయారు చేస్తున్నారు. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత, ఒక మాటైనా అనకుండా, స్విచ్చుల మీద పేర్లు రాసి వదిలించుకుంటున్నారు. మనిషికి ఎంత చల్లని గుండె ఉండాలి.

వానడబ్బా, ఇరవై రెండేళ్ళ నోటుబుక్కులు పేతురుకు ఇచ్చేశారు. ఆమె ఇంట్లో డాబా ఉండదు కాబోలు.

నవంబరు 24, ఆదివారం

వారం నుంచి తెల్లవారుజామున మూడింటికే లేచి మంచం మీద కూర్చుంటున్నారు. నేను స్నానానికి లేచేటప్పటికి అలాగే ఉంటారు. ఫోను కూడా చూడరు. నాకు తెలియకుండా చూస్తారేమో.

ఇంకా ఎనిమిది రోజులు. ఆగాలి.

నవంబరు 26, మంగళవారం

దొరికింది.

క్యారేజీ తీద్దామని సంచిలో చెయ్యి పెడితే ఒక కాగితం. పైన నరసరావుపేటలో ఏదో మానసిక వైద్యశాల పేరు. కింద వందన అని సంతకం. మధ్యలో పెద్ద అక్షరాలతో, “ఇంట్లో మనిషి నింపవలసినది”. పేరు: మహాలక్ష్మి. బంధుత్వం: భార్య. అంతా ఆయన చేతిరాత.

ప్రశ్నలు పద్నాలుగు ఉన్నాయి. తిండి తగ్గిందా. నిద్ర తగ్గిందా. ఇష్టమైన పనులు మానేశారా. తన వస్తువులు ఇతరులకు ఇచ్చేస్తున్నారా. ప్రతిదాని ఎదురుగా సున్నా నుంచి మూడు దాకా గడులు. అన్నిటికీ సున్నా. నా పేరుతో, నాకు చూపకుండా, పద్నాలుగు సున్నాలు.

నాకు అర్థమైంది. రేపు వకీలు దగ్గర చూపిస్తారు, భార్యకు నా సంగతేమీ పట్టదు అని. ఇద్దరూ కలిసి విడాకుల దావాకు సాక్ష్యం పుట్టిస్తున్నారు.

ఆ ప్రశ్నలన్నిటికీ నాకు జవాబులు తెలుసు. తేదీలతో సహా తెలుసు. ఈ డైరీ తీసుకెళ్ళి ఆమె మొహాన పరుస్తాను. కార్తీకం పోతే పోనీ.

నవంబరు 28, గురువారం

నరసరావుపేటలో ఆస్పత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. వరసగా రాయాలి.

పొద్దున ఏడున్నరకు ఆయన క్యారేజీ అందుకున్నారు. నేను గడప దగ్గర నిలబడి అడిగాను. “ఎక్కడికి?”

ఆగుతారనుకున్నాను. తడబడతారనుకున్నాను. బస్సు టైము అడిగితే చెప్పినట్టే చెప్పారు. “నరసరావుపేట. ఏడూ యాభై బస్సు. పదకొండింటికి వందన గారి దగ్గర. మనసు డాక్టరు ఆసుపత్రి.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“పది వారాలు. దీపావళి పోను తొమ్మిది.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు అడగలా.”

నేనూ వస్తానన్నాను. సరే అని గొడుగు ఇంకోటి తీశారు. బస్సులో గంటన్నరా సంచిలో డైరీని పట్టుకుని కూర్చున్నాను. ఎంత తెలివిగా నిజం చెబుతున్నారో అనుకున్నాను.

వందన ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ళ పిల్ల. కళ్ళద్దాలు, నలిగిన చుడీదారు, వేలి మీద సిరా మరక. నేను అనుకున్న మనిషి కాదు. అయినా మాటలకు పడిపోకూడదని గట్టిగా కూర్చున్నాను. ఆయన నింపిన కాగితం బల్ల మీద పెట్టి, “నా పేరుతో ఇది ఎవరు రాయమన్నారు?” అన్నాను.

ఆ పిల్ల ఆ కాగితం చూసి, ఆయన్ను చూసింది. “ఇది ఆవిడ నింపలేదా అండీ?”

“నేనే నింపా” అన్నారు. “ఇంట్లో మనిషి ఏం గమనించిందో రాయాలని ఉంది. తను గమనించినట్టు నాకు ఏమీ చెప్పలా. లారీ కాటా మీదకు రాకపోతే ఏం రాస్తాం, సున్నా.”

“నన్ను అడగొచ్చు గదా” అన్నాను.

“ఈ నెల మాటలు తక్కువ అన్నావు గదా.”

ఆ పిల్ల నవ్వలేదు. నా వైపు కుర్చీ జరుపుకుని చెప్పింది. సెప్టెంబరులో ఫ్యాక్టరీలో వైద్య శిబిరం పెట్టినప్పుడు అందరికీ దిగులు, ఆందోళన కొలిచే ప్రశ్నల కాగితం ఇచ్చారట. ఈయనకు మొత్తం నాలుగు వచ్చింది. నాలుగంటే ఏమీ లేదని ఇంటికి పంపేస్తారు. కానీ ఈయన ప్రతి ప్రశ్న పక్కనా పెన్సిలుతో రాశారు. ఆ కాగితం తీసి చూపించింది.

ఆకలి లేకపోవడం లేదా ఎక్కువ తినడం, అని ఉన్నచోట: “ఒకే గడిలో రెండు ప్రశ్నలు. జవాబు చెప్పలేను.” అలసటగా ఉందా: “ఎప్పటితో పోల్చి?” మీ మీద మీకు చెడ్డ అభిప్రాయం కలిగిందా: “లేదు. కాటాకు నేను అక్కర్లేదు అనేది అభిప్రాయం కాదు, నిజం.”

ఆఖరిది నేను రెండుసార్లు చదివాను.

“ఈ కొలత ఈయనలాంటివాళ్ళను దృష్టిలో పెట్టుకుని చేసింది కాదమ్మా” అంది. “ఉన్నది తక్కువ చూపిస్తుంది, ఒక్కోసారి లేనిది ఉన్నట్టూ చూపిస్తుంది. ఎక్కడ తప్పుతోందో చూడటమే మా పరిశోధన. అందుకే గురువారాలు రమ్మన్నాను.”

“ఈయనలాంటివాళ్ళు అంటే?”

“ఆటిజం లక్షణాలు ఉన్నవాళ్ళు.”

“అది చిన్నపిల్లలకు గదా.”

“పిల్లలు పెద్దవాళ్ళవుతారు గదమ్మా.”

నేను ఒప్పుకోలేదు. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోవడం లేదు. ఆయన తీరే అంత, దానికి ఒక పేరెందుకు. కానీ ఆ పిల్ల కొత్త కాగితం నా ముందు పెట్టింది. “ఈ రెండు నెలల్లో ఏమైనా తేడా చూశారా? ఉజ్జాయింపుగా చెప్పినా చాలు.”

నేను సంచిలోంచి డైరీ తీశాను. ఆమె మొహాన పరచడానికి తెచ్చింది. తెరిచి పైకి చదివాను. బెల్టుకు కొత్త బెజ్జం. టపాకాయలకు కదల్లేదు. క్యారేజీ ముట్టలేదు. వాన కొలవలేదు. నేను చదువుతుంటే ఆమె గబగబా గడులు నింపుతోంది. మధ్యమధ్యలో నేను రాసుకున్న మాటలు వస్తే దాటేశాను. ఎవరో వడ్డిస్తున్నారు అన్నది, బదిలీ మొక్కు.

పక్క నుంచి ఆయన పేజీలోకి చూస్తూ, “ఒక లైను వదిలేశావు” అన్నారు.

“అది నాది” అన్నాను.

ఆ పిల్ల పుస్తకం కోసం చెయ్యి చాపింది. ఇవ్వలేదు. చీటీల సంగతి చదివాను. రెగ్యులేటరు, నా పేరు రాసిన కవరు, వానడబ్బా పేతురుకు ఇవ్వడం. అక్కడ ఆమె పెన్ను ఆగిపోయింది. అచ్చు కాగితం పక్కకు తోసి, ఆయన వైపు తిరిగి కూర్చుంది.

“చనిపోతే బాగుండును అనిపించిందా అన్న ప్రశ్నకు మీరు ప్రతిసారీ సున్నా వేశారు.”

“బాగుండదు గదా. ఎవరికి బాగుంటది. అందుకని సున్నా.”

“బాగుండటం పక్కన పెట్టండి. చనిపోవడానికి రోజు ఏదైనా అనుకున్నారా?”

“అనుకున్నా.”

లారీ నంబరు చెప్పిన గొంతే.

“ఏ రోజు?”

“డిసెంబరు మూడు, మంగళవారం.”

“ఆ రోజే ఎందుకండీ?”

“రెండో తారీకు పోలిపాడ్యమి. తను నెల నుంచి నోము చేస్తంది. మధ్యలో మైల వస్తే నోము చెడిపోద్ది. అయ్యేదాకా ఆగా.”

“ఈ మాట ఇదివరకు ఎవరికైనా చెప్పారా?”

“తారీకు ఎవరూ అడగలా.”

ఆ పిల్ల లేచి పెద్ద డాక్టరును పిలిచింది. చేర్చుకున్నారు. ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దన్నారు. లోపల ఏదో ఇంజక్షను ఇస్తున్నారు. నన్ను ఇక్కడ కూర్చోమన్నారు.

నేను ఎనిమిది రోజులు అని లెక్కపెట్టుకున్నాను. ఆయనా అవే రోజులు లెక్కపెట్టుకున్నారు.

డిసెంబరు 2, సోమవారం

పోలిపాడ్యమి. ఆస్పత్రిలోనే ఉన్నాం. ఉష వచ్చింది. నువ్వు ఊరికి పోయి దీపాలు వదిలి రామ్మా, నాన్న దగ్గర నేనుంటాను అంది. వెళ్ళలేదు.

మధ్యాహ్నం ఆయనే అడిగారు. “నోము చెడిపోయింది గదా.”

“చెడిపోయింది” అన్నాను. “మళ్ళీ చెయ్యాలి. ఈసారి నాగులేటి దాకా ఒక్కదాన్నే పోను. మీరు తోడు రావాలి.”

గోడ వైపు చూస్తూ కొంచెంసేపు పెదాలు కదిపారు. “వచ్చే ఏడు నవంబరు ఇరవై ఒకటి వస్తది” అన్నారు. “శుక్రవారం.”

“రాసుకోండి” అన్నాను. వేరే కాగితం లేక మందుల చీటీ వెనక రాసుకున్నారు.

డిసెంబరు 3, మంగళవారం

సాయంత్రం ఆరున్నర. నిద్రపోతున్నారు. ఊపిరి చూస్తూ కూర్చున్నాను.

డిసెంబరు 19, గురువారం

ఇంటికి వచ్చి వారం. ఫ్యాక్టరీకి డాక్టరు ఉత్తరం రాశారు, రికార్డు గదిలో ఒక్కరికే బల్ల వేస్తామన్నారు. వేస్తారో లేదో, నాకు నమ్మకం లేదు. మాత్రలు నేనే ఇస్తున్నాను, మింగినదాకా నిలబడుతున్నాను. పొద్దున్నే కాఫీ ఇచ్చి అడుగుతాను, ఇవాళ చనిపోవాలని అనుకున్నారా అని. మొదటి రోజు ఆ మాట నోట్లోంచి రావడానికి కాఫీ చల్లారిపోయింది. ఇప్పుడు వస్తోంది. నిన్న “అనుకున్నా, రోజు పెట్టుకోలా” అన్నారు. వెంటనే వందనకు ఫోను చేశాను. ఇవాళ “లేదు” అన్నారు. ఆ లేదును కూడా నేను అంత తేలిగ్గా నమ్మను. రెండో ఇడ్లీ తిన్నారా అని చూస్తాను, చెప్పులు ఎలా విడిచారో చూస్తాను.

ఇవాళ ఆ పిల్ల మళ్ళీ అడిగింది. “అమ్మా, మీ డైరీలో ఉన్నంత వివరం మా ఏ కాగితంలోనూ రాలేదు. పేర్లు తీసేసి వాడుకుంటాం, ఇస్తారా?” తేదీలు, సంగతులు విడిగా రాసి ఇస్తానన్నాను. పుస్తకం ఇవ్వనన్నాను. ఆమె గురించి ఇందులో ఏం రాశానో ఆమెకు తెలిస్తే మళ్ళీ నా మొహం చూడదు. చూస్తుందేమో. నాకే చూపాలని లేదు.

ఉషా, ఎప్పుడైనా ఇది నీ చేతికి వస్తే, పారెయ్యవద్దు, కాల్చవద్దు. అలాంటి రోజులు మళ్ళీ వస్తే ఎలా మొదలవుతాయో తెలియడానికి ఈ తేదీలు పనికొస్తాయి. బీరువాలోనే ఉంచు. ఎవరికీ చూపించకు. మీ నాన్నకు అసలు వద్దు. ఆయన ఒక్క లైనూ వదలరు. రాసి ఉన్నది రాసి ఉన్నట్టే నమ్ముతారు.